దయ్యం సినిమాలో అమ్మ

మొన్న ఆదివారం చెల్లెలు ఫోన్ చేసి, ఆ పాత నలుపు తెలుపు దయ్యం సినిమాను ఎవరో గీతలన్నీ తుడిచేసి, అద్దంలా చేసి ఇంటర్నెట్‌లో పెట్టారట, లింకు పంపనా అని అడిగింది. వద్దన్నాను. ఇంత వయసొచ్చినా ఇంకా దయ్యాలంటే భయమేనా అని నవ్వింది గానీ, నేను దేనికి వద్దంటున్నానో దానికి తెలియక కాదు. ఫోన్ పెట్టేశాక ఆ పూటంతా మనసు వంట మీద నిలవలేదు.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, తొంభైల్లో మన వైపు ఇంట్లో సినిమా చూడాలంటే బస్టాండు దగ్గర షాపులో టీవీ, వీడియో క్యాసెట్లు వేసే డెక్కు అద్దెకు తీసుకుని రిక్షాలో తెచ్చుకోవడమే. అప్పటికి నేను ఆత్మకూరులో టీచరుగా ఉన్నాను, నాయన ఉదయగిరిలో పాత ఇంట్లోనే ఉండేవాడు. మాది బాప్టిస్టు కుటుంబం, నాయన సంఘ పెద్ద. ఆయన వీధిలోకి వస్తున్నాడంటే అరుగుల మీద పేకలు సర్దేసేవాళ్ళు. సినిమా అంటే సైతాను పని, ఫోటో దిగడం డంబం అనేవాడు. అందువల్ల నేను మూడో తరగతిలో ఉండగా అమ్మ జ్వరంతో పోయినప్పుడు, ఆమె ముఖం ఒక్క కాగితం మీద కూడా మాకు మిగల్లేదు. చెల్లెలికైతే ఆమె ఎట్లా ఉండేదో అసలు జ్ఞాపకమే లేదు.

మిగిలింది ఆ సినిమాలోనే. అమ్మ పోవడానికి మూడేళ్ళ ముందు మా కొండ కోట దగ్గర షూటింగు జరిగింది. దయ్యాన్ని చూసి జడుసుకునే జనం కావాలని మద్రాసు నుంచి వచ్చినవాళ్ళు అడిగితే, చుట్టుపక్కల ఆడవాళ్ళతో పాటు అమ్మ కూడా పోయిందట. నాయన ఊళ్ళో లేని రోజు చూసుకునే పోయింది. తరువాత ఆయనకు తెలిసి ఇంట్లో చాలా రోజులు మాటల్లేవని అవ్వ చెప్పేది. అంతకు మించి మాకు తెలియదు.

ఎన్నో ఏళ్ళ తరువాత ఆ సినిమా క్యాసెట్ షాపులోకి వచ్చిందని విని, చెల్లెలు షాపు అతన్ని ఎట్లాగో బతిమాలి దాన్ని సొంతం చేసుకుంది. మొదటిసారి వేసినప్పుడు నాయన పెరట్లోనే ఉండిపోయాడు. మరుసటి ఏడు తలుపు దగ్గర నిలబడి చూశాడు. ఆ పై ఏడు ఆయనే మనిషిని పంపి డెక్కు తెప్పించాడు. అప్పటినుంచి అది మా ఇంటి ఆచారమైపోయింది. ప్రతి వేసవి సెలవుల్లో అమ్మ జ్ఞాపకార్థ కూడిక పెట్టి, ప్రార్థన అయ్యి, పాస్టరుగారూ చుట్టాలూ భోజనాలు చేసి వెళ్ళిపోయాక, మేం తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కట్టి దయ్యం సినిమా వేసుకునేవాళ్ళం. వాక్యం చదివిన పూటే దయ్యాన్ని చూసే కుటుంబం మాదొక్కటే అయి ఉంటుంది.

అయితే అమ్మను చూడాలంటే ముందు దయ్యాన్ని దాటాలి. టేపు అప్పటికే రెండు మూడు చోట్ల తెగితే అతికించారు, ముందుకు పరిగెత్తిస్తే మళ్ళీ తెగుతుందని షాపు అతను గట్టిగా చెప్పాడు. కాబట్టి మొదటినుంచీ చూడాల్సిందే. ఆ దయ్యం ముఖం చూపించదు. తడిసిన జుట్టు వీపంతా పరుచుకుని, మనకు వీపు పెట్టి, కోట మెట్ల మీద వెనక్కి వెనక్కి దిగుతూ వస్తుంది. ఎప్పుడు తిరుగుతుందో అని హడలిపోతూ కూర్చునేదాన్ని. బళ్ళో పిల్లలకు దయ్యాలు లేవని పాఠం చెప్పే నేను, ఆ సినిమా చూసిన వారం రోజులూ తల స్నానం చేసి జుట్టు విరబోసుకోవడానికి కూడా భయపడేదాన్ని. కళ్ళు మూసుకునే ఉండేదాన్ని, చెల్లెలు మోచేత్తో పొడిచేది.

"అక్కా, కండ్లు తెరువు, అమ్మొస్తా ఉండాది."

కొండ కింద జనమంతా తలెత్తి పైన ఉన్న దయ్యాన్ని చూస్తుంటారు. వాళ్ళల్లో ఒక్క మనిషి మాత్రం కొండను చూడదు, తిన్నగా మన వైపు చూస్తుంది. ఆమే అమ్మ. అరిగిపోయిన టేపులో ముఖం తెల్లగా, మసకగా కనిపించేది, నోటి దగ్గర నీడ ఒకటి వంపు తిరిగి నవ్వుతున్నట్టే ఉండేది. ఊరంతా భయపడుతుంటే మా అమ్మ మాత్రం మమ్మల్ని చూసి నవ్వుతోందని మేం మురిసిపోయేవాళ్ళం. డెక్కులో ఆపితే గీతలు పరిగెత్తేవి, బొమ్మ ఒణికేది, అందుకని ఆపకుండా ఆ ఒక్క క్షణమే చూసుకునేవాళ్ళం.

ఏటేటా ఆ మసక ఎక్కువవుతూ వచ్చింది. ఒక ఏడు ఆమె ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక తప్ప ఏమీ కనిపించలేదు. నాయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అప్పుడే ఊళ్ళలోకి సీడీలు వస్తున్నాయి. మా మరిది, అంటే చెల్లెలి భర్త, కొత్తగా ప్లేయరు కొని, నెల్లూరంతా తిరిగి ఆ సినిమా డిస్కులు సంపాదించి, మామకు మంచి బొమ్మ చూపిస్తానని కూడికకు పట్టుకొచ్చాడు. నాకు మాత్రం దిగులుగానే ఉంది. సీడీల్లో సీన్లు కోసేస్తారని విన్నాను. ఆ ముక్క కోసేసి ఉంటే, టేపులో ఎటూ పోయింది, ఇక మా అమ్మ ఈ లోకంలో ఎక్కడా ఉండదు.

సినిమా రెండు డిస్కుల్లో ఉంది, అమ్మ రెండో దాంట్లో రావాలి. కావాలంటే నేరుగా అక్కడికే పోవచ్చని మరిది రిమోటు చూపించాడు, నాయన వద్దు, మొదటినుంచీ రానీ అన్నాడు. బొమ్మ తేటగా ఉంటే దయ్యం తేలిపోతుందని నన్ను నేను సముదాయించుకున్నాను గానీ అది మరీ ఘోరంగా ఉంది, జుట్టు చివర్ల నుంచి కారే నీటి బొట్లు కూడా కనిపించాయి. డిస్కు మారింది. ఆ రోజు మాత్రం కళ్ళు మూసుకోలేదు. కొండ వచ్చింది, జనం వచ్చారు, అమ్మ వచ్చింది, మరిది టక్కున ఆపాడు. బొమ్మ కదలకుండా నిలబడిపోయింది.

అమ్మ నవ్వడం లేదు.

కళ్ళు పెద్దవై, నోరు తెరుచుకుని, ఒక చేత్తో కొంగు గబగబా తల మీదికి లాక్కుంటోంది. రెండో చేయి వెనక్కి పెట్టి ఎవరినో దాచుకుంటోంది. ఆమె కుచ్చిళ్ళ పక్కన ఒక పిల్ల గౌను అంచు కనిపించింది. చెల్లెలు అప్పటికి చంటిది, ఆ పిల్లను నేనే. ఆ దయ్యాన్ని చూసి అన్నేళ్ళు పడిన భయమంతా కలిపినా, అమ్మ కళ్ళు చూసినప్పుడు నాకు కలిగిన భయంలో పావు వంతు కూడా ఉండదు. పాపం మరిదికి ఇవేవీ తెలియవు, అత్తమ్మ పెద్ద హీరోయిన్లకు తీసిపోకుండా యాక్ట్ చేసిందే అని మెచ్చుకున్నాడు.

నాయన కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. అల్లుడితో అన్నాడు.

"యాక్టింగ్ కాదు నాయనా. ఆ పొద్దు నేను అనుకోకుండా ఊరికి తిరిగొచ్చినాను. ఆ కెమెరా పక్కనే నిలబడి ఉండినాను. ఆమె చూసింది నన్ను."

ఆయన తెర మీది నుంచి చూపు తిప్పకుండానే మా ఇద్దరినీ అడిగాడు.

"మీకు గూడా నేనంటే ఇంత భయమేనా అమ్మా?"

చెల్లెలు కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను కిటికీకి కట్టిన దుప్పటి విప్పుతూ అటు తిరిగి నిలబడ్డాను. మరిది టీవీ కట్టేశాడు. మరుసటి ఏడు కూడిక జరిగింది, సినిమా వెయ్యమని నాయన అడగలేదు, మేమూ అనలేదు. ఆ తరువాత ఆయన ఎక్కువ కాలం లేడు.

ఇప్పుడు మా ఇంట్లో నా కూతురు వాళ్ళ నాన్న ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది, ఆయన మాటకు అడ్డం వస్తుంది, నీకేం తెలియదు పో నాన్నా అంటుంది. పెంపకం ఇట్లా ఏడిసిందని మా ఆయన పైకి విసుక్కుంటాడు, లోపల మురిసిపోతాడు. నేను ఆ ఇద్దరినీ అట్లా చూస్తూ కూర్చుంటాను. మేం నాయనను ప్రేమించాం, ఆ మాట నిజం. లేదు నాయనా అని ఒక్క అబద్ధమైనా చెప్పి ఉంటే ఆ ముసలి ప్రాణం కుదుటపడేది. ఆ అబద్ధం చెప్పడానికి కూడా మాకు ఆయనంటే భయం వేసింది.