అగ్గిపెట్టెలు అంటించిన అట్టతో విశాఖపట్నం

కంప్యూటరు క్యాబినెట్టు కోసం, అంటే లోపలి సామానంతా బిగించుకునే ఖాళీ రేకు పెట్టె కోసం, యానాం నుంచి విశాఖపట్నం దాకా పోవడమేమిటని మా ఆయన రెండు రోజులు అడిగారు. శనివారం తెల్లవారేసరికి అడగడం మానేసి నా సంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టారు. చెబితే వినే రకాన్ని కానని ఆయనకి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది.

నా పేరు రూతు. యానాం కనకాలపేటలో లేడీస్ టైలర్ని. పద్నాలుగేళ్ళుగా జాకెట్లు కుట్టీ కుట్టీ దగ్గరి చూపు తగ్గిపోతోంది. సూదిలో దారం ఎక్కించడానికే పది నిమిషాలు పడుతోంది. ఇంకో పని చేతిలో ఉండాలని పోయిన ఏడాది కాకినాడ వెళ్ళివస్తూ డీటీపీ నేర్చుకున్నాను. మా అన్నయ్య ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేస్తుంటే అడిగి నాకొకటి తెచ్చిపెట్టాడు. ఉప్పుగాలికి దాని పెట్టె అడుగంతా తుప్పుపట్టి రాలిపోయింది గానీ లోపలి సామాను శుభ్రంగా ఉంది. ఫరంపేట బడి హెడ్మాస్టరు గారు నాకు గడువు పెట్టారు. "క్వార్టర్లీ పేపర్లు టైపు చేసే పని నీకే ఇస్తానమ్మా. సోమవారానికి ఒక పేజీ కొట్టి చూపించు. లేదంటే ఎప్పట్లాగే కాకినాడ పంపేస్తాం" అన్నారు. ఆదివారం దుకాణాలుండవు. నాకు మిగిలింది శనివారం ఒక్కటే.

గురువారం కాకినాడలో ఒక కొట్టుకి వెళ్ళి చూశాను. అన్నీ చిన్న క్యాబినెట్లే. నాది పాతకాలపు పెద్ద మదర్‌బోర్డు, వాటిలో పట్టదు. కొట్టతను నవ్వి, "ఆ బోర్డు పారేసి కొత్త సెట్టు తీసుకోండమ్మా. వైజాగులో పెద్దవి దొరికినా కొలతలవీ మీకేం తెలుత్తాయి?" అన్నాడు. నాకు! కొలతలు! ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ చంక కొలతలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఒళ్ళు మండిపోయింది.

మా దగ్గరికి ఎవరూ ఒట్టి చేతులతో రారు. కొత్త జాకెట్టు గుడ్డతో పాటు ఒంటికి సరిపోయిన పాతదొకటి ఆదికి తెస్తారు. నా బోర్డుకి కూడా నేనే ఒక ఆది తయారుచేశాను. బస్సుల కుదుపుకి అసలు బోర్డు పాడవుతుందని భయం. అందుకని దాన్ని దిండు మీద బోర్లాపెట్టి, పైన అట్ట పరిచి, మరలు బిగించే తొమ్మిది కన్నాలూ సూదితో పొడిచి, అంచుల వెంట కత్తిరించాను. మధ్యలో ఫ్యాను ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి, అంత ఎత్తుకి ఐదు అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి అంటించాను.

ఐదూ నలభైకి యానాంలో బస్సెక్కాను. పక్క సీట్లో అడవిపొలం ఊరి ఆవిడ, రొయ్యల బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని, నా ఒళ్ళో అట్టని తాళ్ళరేవు దాకా చూసి ఆగలేకపోయింది.

"ఏటమ్మా అది, సంటిపిల్లలా ఒళ్ళో ఎట్టుకున్నావు?"

"కంప్యూటరు ఆదండీ."

"కంప్యూటరుకి కూడా జాకెట్లు కుట్టేత్తన్నావా!" అని ఆవిడ బస్సంతా వినపడేలా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కోరంగి దాటాక ఒక జామకాయ ఇచ్చి, "ఎవురేటన్నా నీ పని నువ్వు సూసుకో" అంది.

కాకినాడలో దిగి సామర్లకోట బస్సు పట్టుకునేసరికి ఏడు. సామర్లకోట స్టేషన్లో ఇడ్లీ తిని, టిక్కెట్టు తీసుకుని, ఏడూ యాభైకి ప్యాసింజరెక్కాను. ఎడమవైపు కిటికీ దొరికింది. అన్నవరం దగ్గర కొండ బాగా కనబడుతుంది, ఎవరైనా వెళితే ఆ పక్కనే కూర్చోండి. తునిలో ఎక్కిన ఒక పెద్దమనిషి ఇస్త్రీ చొక్కాతో ఎదురుగా కూర్చుని నా సంగతంతా అడిగి తెలుసుకున్నారు.

"ఇలాంటివి అనుభవం ఉన్న మెకానిక్కుకి అప్పగించాలమ్మా. ఆడవాళ్ళు వేలెడితే షాక్ కొడుతుంది" అన్నారు.

"మగవాళ్ళకి కొట్టదాండీ?" అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు, కానీ నా నోరు మంచిది కాదు. "మీ చొక్కా ఎవరు కుట్టారో గానీ కాలరు ఎడమకి లాగుతోందండీ" అని కూడా అన్నాను. అనకాపల్లి దాకా ఆయన కాలరు సవరించుకుంటూనే ఉన్నారు.

పదకొండుంపావుకి విశాఖపట్నం. ఆటోలో ద్వారకానగర్ చేరాను. అక్కడ మేడమీద కొట్టొకటి, లోపల నా భుజమెత్తు దొంతరలుగా పెద్ద క్యాబినెట్లు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. ముందువైపు నీలం దీపాలతో మెరిసిపోతున్నదొకటి కొట్టాయన తీసి బల్లమీద పెట్టాడు.

"పక్క రేకు విప్పండి, లోపల చూడాలి" అన్నాను.

"విప్పేక కొనకపోతే ఎలా మేడమ్?"

"జాకెట్టు తొడుక్కుని చూడకుండా మీ ఇంట్లో ఎవరైనా డబ్బులిస్తారా?"

ఆయన గొణుక్కుంటూ విప్పాడు. నేను అట్ట తీసి లోపల ఆనించాను. తొమ్మిది కన్నాల్లో రెండే కలిశాయి. ఇటు జరిపాను, అటు జరిపాను. కలవలేదు. కొట్టాయన పక్కనున్న కొనుగోలుదారుకి కన్నుకొట్టి, "అగ్గిపెట్టెలతో కంప్యూటరు మేడమ్, దీపావళికి పేల్చుకోవాలి" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఇంత దూరం వచ్చి ఒట్టి చేతులతో వెళ్ళడమా? సోమవారం హెడ్మాస్టరు గారి ముఖం ఎలా చూడను? ఏడుపొచ్చేలా ఉంది. వీళ్ళ ముందు మాత్రం ఏడవకూడదని పళ్ళు బిగించాను.

స్టూలు లాక్కుని కూర్చుని, చేసిందంతా మొదటి నుంచి తలుచుకున్నాను. దిండు, బోర్లాపెట్టిన బోర్డు, పైన అట్ట. అయ్యో నా తల్లీ! గుడ్డ మీద మేం ఎప్పుడూ గీత గీసేది ఉల్టావైపే. మంచివైపు సుద్ద అంటకూడదు కదా. కత్తిరించాక తిప్పి కుడతాం. చేతికి పట్టిన ఆ అలవాటుతోనే బోర్డు వీపుమీద కొలత తీసి, తిప్పడం మర్చిపోయి, అగ్గిపెట్టెలు కూడా ఆ ఉల్టావైపే అంటించేశాను. కుడిచెయ్యి ఎడమకీ, ఎడమచెయ్యి కుడికీ కుట్టినట్టయింది.

అగ్గిపెట్టెలు పీకి, అట్ట తిరగేసి, అవతలివైపు అదే చోట గుండుసూదులతో గుచ్చాను. మళ్ళీ ఆనించాను. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదికి తొమ్మిదీ కలిశాయి. నవ్వినవాళ్ళ వంక చూశాను, ఎవరూ నవ్వడం లేదు.

"సరిపోయింది కదా, బిల్లు రాసేయమంటారా?" అన్నాడు కొట్టాయన.

"ఆగండి" అన్నాను. పైన కరెంటు డబ్బా ఉంటుందే, ఎస్సెంపీయెస్ అంటారు, అది అగ్గిపెట్టెలకి తగులుతోంది. పై పెట్టె నలిగింది కూడా. రేపు అక్కడ ఫ్యాను తిరగదు.

"కొంచెం నొక్కితే దూరిపోద్ది మేడమ్."

"చంక దగ్గర బిగుతైతే కూడా ఇలాగే చెబుతారు, చెయ్యెత్తితే చిరుగుతుంది. నాకిది వద్దు. ఇంకోటి తియ్యండి."

మరో మూడు విప్పించాను. ఒకదానిలో సీడీ డ్రైవు పెట్టే గూడు బోర్డు అంచుని కొరుకుతోంది. ఇంకోదానిలో బోర్డు ఆనే ఇత్తడి బొడిపెలే తక్కువ. నాలుగోది దుమ్ము పట్టి, ఏ దీపాలూ లేకుండా, ధాన్యం డబ్బాలా ఉంది. అందులో అట్ట హాయిగా కూర్చుంది. అగ్గిపెట్టెలకీ పై డబ్బాకీ మధ్య నా బొటనవేలు పట్టింది. అదే తీసుకున్నాను. కొట్టాయన ప్యాక్ చేస్తూ, "ఆ అట్ట మాకిచ్చేయండి మేడమ్, పనికొస్తాది" అన్నాడు. "ఆది ఎవరికీ ఇవ్వం" అన్నాను.

ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సు దగ్గర హోటల్లో భోజనం చేశాను. పప్పు బాగుంది, పెరుగు నీళ్ళు. రెండింటికి తిరుగు రైలు దొరికింది. కిటికీలోంచి తాటిచెట్లు వెనక్కి పోతుంటే ఒకటి అనిపించింది. వెళ్ళదలుచుకున్నవాళ్ళు వెళ్ళండి, పొద్దున్న వెళ్ళి చీకటిపడేలోగా ఇంటికొచ్చేయొచ్చు. రైళ్ళూ బస్సులూ ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఇబ్బందంతా నీకేం తెలుసు అనే మనుషులతోనే. వాళ్ళముందు విప్పించండి, కొలవండి, సరిపోకపోతే నొక్కనివ్వకండి.

కాకినాడలో యానాం బస్సు కండక్టరు పెట్టెని టాపుమీద వేస్తానన్నాడు. ససేమిరా అన్నాను. "అయితే లగేజీ టిక్కెట్టు తీసుకోండమ్మా." తీసుకున్నాను. సీటు మీద దాన్ని కూర్చోబెట్టి నేను యానాం దాకా నిలబడి వచ్చాను.

ఆరున్నరకి ఇల్లు. కాళ్ళు కడుక్కుని అసలు బోర్డు తీశాను. మా ఆయన టార్చిలైటు పట్టుకున్నారు. తొమ్మిది మరలూ వేలితో తిప్పితేనే దిగిపోయాయి. తీగలు కలిపి స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. టీవీ పక్కనున్న మానిటరు మీద తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి. మా ఆయన టార్చి ఆర్పడం మర్చిపోయి అలాగే నిలబడిపోయారు.

నేను సుద్దముక్క తీసుకుని వీధిలోకి వెళ్ళి, గోడమీద లేడీస్ టైలర్ అన్న అక్షరాల కింద రాశాను: తెలుగు, ఇంగ్లీషు టైపు చేయబడును.

"హెడ్మాస్టరు గారు ఇంకా పేజీ చూసి సరే అనలేదు కదే" అన్నారాయన వెనకనుంచి.

"రేపు ఆదివారం, చర్చికెళ్ళేవాళ్ళంతా ఇటే పోతారు" అన్నాను. "ముందు వాళ్ళని చూడనీ."