దీపం కొండెక్కింది

మా పక్కింటి వెంకట్రామయ్య అశుభం పలకడు. వాళ్లింట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. పాము కరవదు, పురుగు ముట్టుకుంటుంది. ఎవరైనా "పోతున్నా" అంటే వెనక్కి పిలిచి మరీ "వస్తానని చెప్పు" అనేవాడు. ఆ చాదస్తానికి నేను పడీపడీ నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

గురజాల దగ్గర సున్నపురాయి క్వారీలో ఆయనది కాపలా పని. రాయి పేల్చే తూటాలకు తీగలు తగిలించాక అక్కడ ఫోనూ వాకీటాకీ వాడకూడదు. వాటి తరంగాలకే తూటా పేలిపోవచ్చట. అందుకని నరసరావుపేట నుంచి జ్యోతిర్మయి అనే లెక్చరర్ ఒక మిషన్ తెచ్చి పెట్టింది. ఇక్కడ అక్షరాలు కొడితే, కంటికి కనపడని అతినీలలోహిత కాంతితో అది ఆ మాటను అవతలి మిషన్‌కు పంపుతుంది. ఆ కాంతి గాలిలో చెదిరి మట్టిదిబ్బ అవతలికి కూడా చేరుతుంది. దుమ్ములో అక్షరాలు చెడిపోతాయి కనుక, మాటతోపాటు కొన్ని అదనపు గుర్తులు కూడా వెళతాయి. అవతలి మిషన్ వాటిని చూసుకుని తప్పులు దిద్దుకుంటుంది.

"అక్షరం చెడినా మాట మారదు బాబాయ్" అని ఆ అమ్మాయి చెబితే వెంకట్రామయ్య మురిసిపోయాడు.

సాయంత్రం పేల్చే ముందు అందరూ బయటికొచ్చేవారు. అక్కడే పనిచేసే సాల్మన్ రాజు క్వారీ గుంటంతా ఓసారి చూసుకుని, ఎర్రదీపం పట్టుకుని కొండెక్కేవాడు. దిబ్బ అవతల స్విచ్ దగ్గర కూర్చునే జయరాజుకు కొండ కనపడదు. దీపం పైకి చేరిందని వెంకట్రామయ్య మిషన్‌లో కొడితే అతను స్విచ్ నొక్కేవాడు.

మొన్న మాఘమాసంలో సగం దారిలో దీపం ఆరిపోయింది. బ్యాటరీ కోసం సాల్మన్ రాజు మళ్లీ గుంటలోకి దిగాడు. ఇంకా పేల్చొద్దని చెప్పాలి. కంగారులో వెంకట్రామయ్య చేతికి ఇంట్లో మాటే వచ్చింది. "దీపం కొండెక్కింది" అని కొట్టాడు.

దుమ్ములో చెడిన అక్షరాలను మిషన్ చక్కగా సరిచేసింది. జయరాజు చదివి స్విచ్ నొక్కాడు. సాల్మన్ రాజును గోనెపట్టాలో పైకి తెచ్చారు.

"మిషన్ తప్పు చూపించిందని చెబుదాం, అందరికీ మంచిది" అన్నాడు కాంట్రాక్టరు. ఊరు సరేనంది. తన మిషన్‌లో తప్పు లేదని జ్యోతిర్మయి ఏడుస్తూ చెప్పినా ఎవరూ వినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా వెంకట్రామయ్య ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఆయన అన్నం ముద్ద మింగడం మానేశాడు.

సాల్మన్ రాజు జ్ఞాపకార్థ కూడిక రోజు వెంకట్రామయ్య నన్ను తోడు రమ్మన్నాడు. ప్రార్థన అయ్యాక సాల్మన్ రాజు భార్య గ్రేసమ్మ తనే పలకరించింది.

"ఆరిపోయిందని నువ్వు సరిగానే కొట్టావంట గదా అన్నయ్యా. ఆ పిల్ల మిషనే నా మొగుణ్ణి మింగింది."

"ఆ పిల్లనేమీ అనబాకమ్మా. ఆరిపోయిందని నేను కొట్టలా."

"మరేం కొట్టావు?"

ఆయన చెప్పాడు. ఆమెకూ తెలిసిన మాటే.

"ఆరిపోయిందని కొడితే ఏం పోయేది అన్నయ్యా?"

వెంకట్రామయ్య తలెత్తలేదు.

"అశుభమని, అమ్మా."