నాలుగో దెబ్బ తర్వాత

తాపీ నది వరదలో నాకు పోయినవాటి లెక్క ఎవరైనా అడిగితే ఇప్పటికీ కాగితం చూడకుండా చెప్పగలను: కీబోర్డులు రెండు, పుల్లలతో కొడితే ఢోలకూ తబలా పలికే రిథమ్ ప్యాడ్ ఒకటి, స్పీకరు పెట్టెలు నాలుగు, మైకులు ఆరు, క్యాసెట్లు నూట పన్నెండు, మోతలు దాచుకున్న ఫ్లాపీలు ముప్పై ఏడు, ఏ ఫ్లాపీలో ఏముందో రాసుకున్న నోటు పుస్తకాలు తొమ్మిది, ఇవన్నీ కాక మా బావ గొంతు. అప్పట్లో సూరత్‌లోని అమ్రోలిలో నేల అంతస్తు గదిలో అద్దెకుండేవాణ్ణి. నీళ్ళు దిగాక బురద ఎత్తిపోస్తూ ఈ జాబితా రాసుకున్నాను. చివరి పద్దు మాత్రం అక్క అడిగిందని చేర్చాను.

పందొమ్మిదేళ్ళుగా ఆ జాబితాను అక్కకు తప్ప నేనెవరికీ చూపించలేదు, చించీ పారేయలేదు. మొన్న ఒక పొద్దున, ఆల్థాన్‌లో మేముంటున్న వీధిలోంచి ఒక పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. మీరూ చూసే ఉంటారు, బండి మీద కీబోర్డూ స్పీకర్లూ పెట్టుకుని, గొడుగు కింద ఒకాయన వాయిస్తూ ఉంటే, ముందు నడిచే జనం రెండడుగులు వేసి ఒకసారి ఎగురుతూ ఉంటారు. నేను కిటికీ దగ్గర నిలబడి, అలవాటు కొద్దీ ఆ తాళం నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కపెడుతున్నాను. అంతలో ఢోల్ మోత కింద నుంచి ఇంకొక చప్పుడు వినిపించింది. కట్టె మీద కట్టె పడినట్టు, నాలుగు దెబ్బలు, మళ్ళీ అవే నాలుగు. మూడో దెబ్బ పిసరంత ఆలస్యం. నా చేతిలో చాయ్ గ్లాసు ఉన్న సంగతి మరిచిపోయాను. అది మా బావ సాంచ.

సాంచ అంటే మావాళ్ళ మాటలో మరమగ్గం. అక్క పెళ్ళయి సూరత్ వచ్చిన మూడో ఏట, నా పదహారో ఏట, నేనూ వాళ్ళ దగ్గరికి, సూరత్‌లోనే ఉన్న బమ్రోలికి వచ్చాను. బావ ఒకేసారి ఆరు సాంచలు నడిపేవాడు, నేను పక్కన కూర్చుని నూలు చుట్టిన కండెలు అందించేవాణ్ణి. ఏడో తరగతితో ఆగిన నాకు లెక్కలు నేర్పింది ఆ షెడ్డే. చెవులు చిల్లులు పడే ఆ మోతలో మాటలు వినబడవు కాబట్టి, ఏ సాంచ నిమిషానికి ఎన్ని దెబ్బలు వేస్తోందో లెక్కపెట్టడం మా ఇద్దరి ఆట. నేను వేళ్ళు చూపించేవాణ్ణి, తప్పయితే బావ నెత్తిన ఒకటి మొట్టేవాడు. గోడవైపున్న సాంచ నిమిషానికి సరిగ్గా నూట యాభై వేసేది. ఏ మిస్త్రీ ఎన్నిసార్లు బిగించినా దాని నాలుగు దెబ్బల్లో మూడోది కుంటేది. బావకు అదంటేనే ఎక్కువ ఇష్టం.

నేను సంగీతంలోకి వచ్చింది కూడా ఆ లెక్కల గుండానే. వినాయక చవితి పందిట్లో ఒక ఆర్కెస్ట్రా పార్టీవాళ్ళ కీబోర్డు చూశాను. దానిలో తాళాన్ని పదహారు గళ్ళుగా విడదీసి, ఏ గడిలో ఏ మోత పడాలో అంకెలతో చెప్పవచ్చునని తెలిసినప్పుడు, రాగాలూ స్వరాలూ ఏమీ తెలియని నాకు ఇది మన పనే అనిపించింది. రెండేళ్ళలో షెడ్డు మాని ఆ పార్టీలోనే చేరాను. బయటి చప్పుళ్ళను రికార్డు చేసుకుని మీటల మీద పలికించే శాంప్లర్ కీబోర్డును పార్టీ యజమాని పాతది కొన్నప్పుడు, దాన్ని అక్క పాత చీరలో చుట్టి, సైకిలు క్యారియర్ మీద మా గదికి చేర్చింది బావే.

ఆ తరువాతి ఆదివారం టేపురికార్డరు పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. కరెంటు మనిషితో మాట్లాడి, మిగతా సాంచలన్నీ ఆపించి, గోడవైపుది ఒక్కటే నడిపించాడు బావ. ఆరునూరైనా ఆగని షెడ్డులో ఒక్క సాంచ మోత వినడం నాకదే మొదటిసారి. కాసేపు నడిపి, పిడి లాగి ఆపి, మైకు ఇంకా తెరిచే ఉందని తెలియక నావైపు తిరిగాడు.

"అయిందా బామ్మర్దీ? పా, చాయ్ తాగొద్దాం."

అదీ టేపులో పడింది. ఇంటికొచ్చి శాంప్లర్‌లోకి ఎక్కించుకున్నాను: సాంచ నాలుగు దెబ్బలు ఒక సెకనూ ఆరు పదోవంతులు, బావ మాట రెండు సెకన్ల నాలుగు పదోవంతులు, వెరసి నాలుగు సెకన్లు. మీట నొక్కి పట్టుకుంటే సాంచ నడిచి, ఆగి, బావ పిలిచేవాడు. ఆయన స్వయంగా పదిసార్లు నొక్కుకుని నవ్వి, వంటింట్లో ఉన్న అక్కను కేకేసి వినిపించాడు.

"ఇగ నేను లేకున్నా మీ తమ్ముడు బటన్ ఒత్తితె చాయ్ కి పిలుస్త సూడు."

"నీ నోట్లె మన్ను వడ, అవేం మాటలు?" అంది అక్క.

ఆ మీటతోనే ఏడాదికి నూట ముప్పై ప్రోగ్రాములు చేశాం. నవసారి, బార్డోలి, వాపి, భరూచ్, మన నేతవాళ్ళున్న భివండి, షోలాపూర్. టెంపోలో వెనక స్పీకర్ల మీద పడుకుని ప్రయాణం, దిగగానే వైర్లు పరచడం, జనరేటరు వోల్టేజీ చూసుకోవడం. కరెంటు రెప్పపాటు పోయినా శాంప్లర్ అన్నీ మరిచిపోయేది, మళ్ళీ ఫ్లాపీ పెట్టి ఎక్కించుకోవడానికి నలభై సెకన్లు పట్టేది. ఆ నలభై సెకన్లకు సరిగ్గా సరిపోయే జోకు ఒకటి మా అనౌన్సరు దగ్గర ఉండేది. దసరా తొమ్మిది రోజులూ అదే జోకును రోజుకు మూడుసార్లు విన్న నాకు నవ్వు ఎక్కడ వస్తుందో సెకనుతో సహా తెలుసు. గర్బాలో ఢోల్ కింద సాంచ దెబ్బలు వేస్తే అడుగు బలంగా పడేది. గుజరాతీలకు అదేమిటో తెలిసేది కాదు. భివండిలో మాత్రం మనవాళ్ళు తలెత్తి చూసేవారు. ఒక పెద్దాయన స్టేజీ దగ్గరికే వచ్చి, "పొద్దంత ఇదే మోత, ఇక్కడ గూడ గిదేనా? జర ఇడిసిపెట్టయ్యా!" అని చెవులు మూసుకుని, తరువాత అందరికన్నా ఎక్కువ ఆయనే ఆడాడు.

ఇక్కడ నా వృత్తి లెక్క ఒకటి చెప్పాలి. ఆ శాంప్లర్ కడుపులో పట్టేది మొత్తం పద్నాలుగు సెకన్లు. ఇవాళ్టి పిల్లలకు ఇది నమ్మశక్యం కాదు. ఆ పద్నాలుగులోనే ఢోల్, మంజీరా, షెహనాయి, శంఖం, అన్నీ ఇమడాలి. అందుకని ప్రతి మోత తోకనూ కత్తిరించేవాణ్ణి, పదోవంతు సెకను మిగిలినా నోటు పుస్తకంలో జమ వేసుకునేవాణ్ణి. వృథా చేయని మనిషినని నాకు గర్వంగా ఉండేది. ఒక దసరా ముందు వరసగా రెండు మైదానాల్లో జనం పలచగా వచ్చారు. పాట అవగానే చప్పట్లు లేకపోతే గాయకుడి ముఖం వాడిపోతోందని, చప్పట్లూ ఈలలూ ఉన్న మోత ఒకటి మీట మీద పెట్టమన్నాడు పార్టీ యజమాని. చోటు ఎక్కడిది? పద్దులన్నీ చూశాను. ఏ పాటకూ పనికిరానిది ఒక్కటే కనిపించింది. సాంచ మోతను నాలుగో దెబ్బ దగ్గర కోసి, మిగిలిన రెండు సెకన్ల నాలుగు పదోవంతుల్లో జనం చప్పట్లు నింపాను. అదే ఫ్లాపీ మీద, పాతదాన్ని చెరిపి దాచాను. అసలు క్యాసెట్టు మీద అప్పటికే రిహార్సల్ రికార్డు చేసేశాను. బావ రేపూ ఉంటాడు, ఎల్లుండీ ఉంటాడు, కావాలంటే మళ్ళీ పిలిపించుకోవచ్చు అనుకున్నాను.

ఆ దసరాలోనే, ఐదో రోజున, మేము వాపిలో ఉండగా బావ పోయాడు. నూలు ధూళి ఊపిరితిత్తుల్లో ఎన్నేళ్ళుగా పేరుకుందో ఎవరూ లెక్కపెట్టలేదు.

కర్మలయ్యాక అక్క, అప్పటికి నేను వేరుగా ఉంటున్న గదికి వచ్చి, శాంప్లర్ ముందు నేల మీద కూర్చుంది. "తమ్మీ, ఆ బటన్ ఒక్కపారి ఒత్తురా. మాట ఇని పోత." నేను ఫ్లాపీ చెడిందన్నాను, బాగుచేయించి వినిపిస్తానన్నాను. మరుసటి నెల అడిగితే ముంబైకి పంపానన్నాను. అలా ఏడేళ్ళు. ఈలోగా ప్రతి ప్రోగ్రాములోనూ ఆ మీట నొక్కుతూనే ఉన్నాను. నాలుగో దెబ్బ పడగానే నా వేలు మీట మీద కాస్త ఎక్కువసేపు ఆగేది, చెవి తనంతట తానే ముందుకు వంగేది, అక్కడ ఏమీ ఉండేది కాదు. ఢోల్ వాయించేవాడు, ఎందుకు ప్రతిసారీ అక్కడ తాళం లాగుతున్నావని విసుక్కునేవాడు. పాట చివర నేను రెండో మీట నొక్కితే లేని జనం చప్పట్లు కొట్టేవారు.

తరువాత వరద వచ్చింది. బురదలో ఉన్న గదిని చూడడానికి వచ్చిన అక్క మొదట అడిగింది ఆ ఫ్లాపీ గురించే. నీళ్ళలో పోయిందన్నాను. జాబితాలో రాసి చూపించాను. ఎంత తేలికగా వచ్చిందో ఆ అబద్ధం! నేను ఏడేళ్ళ క్రితం చేసిన పనిని నది తన మీద వేసుకుంది. కానీ అక్క ఆ ఏటి నుంచి తాపీ ముఖం చూడలేదు. బమ్రోలి ఆడవాళ్ళంతా బతుకమ్మలను టెంపోలో నదికి తీసుకువెళుతుంటే, తాను మాత్రం ఇంటి వెనక నీళ్ళ టబ్బులో వదిలి తలుపు వేసుకునేది. కారణం అందరికీ చెప్పేది, నా ముందే చెప్పేది.

అందుకే మొన్న ఆ ఊరేగింపు వెనక, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తాను. మా రోజుల్లో కీబోర్డు వాళ్ళం మోతలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. భరూచ్ ఆయనొకరు షెహనాయి ఇచ్చి నా దగ్గర సాంచ తీసుకున్నాడు. కోయకముందు ఇచ్చానా, కోశాక ఇచ్చానా? తారీకులు రాసుకున్న పుస్తకాలు లేవు. కోయకముందే ఇచ్చి ఉంటే, చేతులు మారి చేతులు మారి, ఆ బండి మీద బావ ఇంకా చాయ్ కి పిలుస్తూ ఉండవచ్చు. పెళ్ళిపందిరి దగ్గర బండి ఆగాక, కీబోర్డు ఆయన్ను ఆ మోత ఎక్కడిదని అడిగాను. నలభై ఏళ్ళ మనిషి, చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

"కాకా, యే తో ఖట్‌ఖట్ టోన్ హై. సబ్ కే పాస్ హై."

అందరి దగ్గరా ఉందట! నేను చేసినదని చెప్పలేదు. ఒక్కసారి తాళం ఆపి, ఉత్త మోత వినిపించమన్నాను. హెడ్‌ఫోన్ ఇచ్చాడు. ఒకటి, రెండు, కుంటే మూడు, నాలుగు. ఆ తరువాత ఏమీ లేదు. కోత నేను కోసిన చోటే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. నా చేతిపనిని నేను గుర్తుపట్టనా? అయినా మరో ఆరుసార్లు వేయించుకున్నాను.

దాన్ని ఫోనులోకి ఎక్కించుకుని ఆ మధ్యాహ్నమే బమ్రోలి వెళ్ళాను. అక్క బియ్యం ఏరుతోంది. చెవి దగ్గర ఫోను పెట్టాను. రెండో విడతకే చేతిలో చేట కింద పెట్టింది.

"ఇది మీ బావ సాంచ గదరా! మూడో దెబ్బ కుంటుతది. యాడ దొరికింది? మాటేది, మాట రాదేంది?"

చెప్పాను. వరద కాదని, నేనేనని, దసరాకు ముందే కోసేశానని. అక్క ఫోనును చెవి నుంచి తీయకుండానే విన్నది.

"గిన్నేండ్లు నీళ్లను తిట్టుకున్న గదరా నేను," అంది చివరికి. మళ్ళీ తనే అడిగింది. "మాట తీసి, ఆ జాగల ఏం పెట్టినవ్?"

"చప్పట్లు, అక్కా."

"ఎవలయి?"

ఎవరివో నాకూ తెలియదు. ఏదో క్యాసెట్టులోంచి తీసుకున్నవి. అక్క ఫోను నా చేతిలో పెట్టి, చేట ఒడిలోకి తీసుకుంది. వచ్చే బతుకమ్మకు నదికి వెళ్తుందో లేదో నేను అడగలేదు, అడిగే హక్కూ నాకు లేదు.

ఇప్పుడు కట్టె దెబ్బల సాంచలు బమ్రోలిలోనూ తగ్గిపోయాయి. వాటి చోట నీళ్ళ ఒత్తిడితో దారం విసిరే మిషన్లు బుసలు కొడుతున్నాయి. నా చిన్న గదిలోని కంప్యూటరులో ఎన్ని నెలల చప్పుడైనా పడుతుంది, చోటు కోసం ఎవరి తోకా కోయనక్కరలేదు. మనవలు దగ్గినా, తుమ్మినా రికార్డు చేసి పెట్టుకుంటున్నాం, మళ్ళీ వినడానికే తీరిక ఉండదు. పద్నాలుగు సెకన్లతో ఊళ్ళకు ఊళ్ళను ఆడించిన ఆ కాలం మీద నాకు బెంగే, మీకూ ఉండే ఉంటుంది. కానీ ఆ కాలంలో నేను మిగిల్చానని మురిసిపోయినదంతా ఎవరి దగ్గర నుంచి తీసుకున్నదో ఇప్పుడు తెలుస్తోంది. నాలుగు సెకన్లలో ఒక సెకనూ ఆరు పదోవంతులు అక్కకు ముట్టజెప్పాను. ఇంకా ఇవ్వవలసినది రెండు సెకన్ల నాలుగు పదోవంతులు.