గోంగూర పీకించిన హెడ్డింగ్

విండ్సర్‌లో మా తెలుగు సంఘం నెలకోసారి వేసే పత్రికకు సంపాదకుణ్ణి నేను. ప్రూఫులు దిద్దేదీ నేనే, చాలా నెలలు చదివేదీ నేనొక్కణ్ణే. విజయవాడలో ముప్పయ్యేళ్లు దినపత్రిక డెస్కులో కూర్చుని ఇతరుల వార్తలు కత్తిరించాను కాబట్టి ఈ పదవికి నాతో ఎవరూ పోటీ పడలేదు. పోటీ పడేంత పదవి కాదని మా ఆవిడ అభిప్రాయం.

మా వీధి వెనక కారు విడిభాగాల ఫ్యాక్టరీ ఒకటి ఉంది. అక్కడ లోహపు ముక్కల గ్రీజు వదిలించడానికి సాల్వెంట్ వాడతారు. ఆ సాల్వెంట్ కలిసిన మురుగునీటిని ట్యాంకర్లలో ఎక్కడికో తరలించేవారు. మా పక్కింటమ్మాయి ఆ నీటిని అక్కడికక్కడే శుభ్రం చేసే పద్ధతి మీద నాలుగేళ్లుగా పనిచేస్తోంది. అమ్మాయి అంటున్నాను గానీ, నలభై దాటిన ఇంజనీరు. ఆమె ప్రయోగం మా వీధి వెనకే మొదలు కాబోతోందని తెలిసి, రాస్తానని నేనే వెంటపడ్డాను.

ఆమె ఓపికగా చెప్పింది. నీటిని పల్చటి పొరలా పారించి, పైనుంచి ఎలక్ట్రాన్ల ధారతో కొడతారట. ఆ దెబ్బకు నీటి అణువులు విరిగి, రెప్పపాటు కూడా నిలవని చురుకైన ముక్కలవుతాయి. అవి సాల్వెంట్‌ను పట్టుకుని చీల్చేస్తాయి. చివరికి మిగిలేది చాలావరకు మన ఉప్పులో ఉండే క్లోరైడు, సోడాలో ఉండే గాలి, నీళ్లు. యంత్రం నడిచేది కరెంటుతోనే. స్విచ్ కట్టేస్తే ధారా ఆగిపోతుంది.

“రేడియేషన్ అనే రాయండి అంకుల్, అందరికీ తెలిసిన మాటే” అంది వెళ్తూ.

నాకు నవ్వొచ్చింది. వేల వార్తల్లోంచి ఇంగ్లీషు ముక్కలు ఏరేసిన చెయ్యి నాది. “మన వీధి మురుగునీటికి అణుధార్మిక చికిత్స” అని హెడ్డింగ్ పెట్టాను. రెండు కాలమ్‌ల వెడల్పులో ఒక్క అక్షరం ఎక్కువ కాకుండా ఒదిగింది. ఆ ఆనందంలో అర్థం సంగతి చూడలేదు. అణుధార్మికత అంటే పదార్థం తనంతట తానే కిరణాలు వెదజల్లడం. ఆ యంత్రంలో అలాంటి పదార్థమే లేదు.

మా పత్రికను అంతమంది చదవడం అదే మొదలు. హెడ్డింగ్ ఫోటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. ఎదురింటి రిటైర్డ్ డాక్టరు గారి భార్య మూడో రోజు పొద్దున్నే పెరట్లో గోంగూర మడి మొత్తం పీకి, నల్ల సంచుల్లో కుక్కి, మూతులు కట్టేశారు. మధ్యాహ్నానికి సిటీ ఆఫీసుకు అభ్యంతర పత్రం తయారైంది. మొదటి సంతకం ఆవిడదే. శనివారం లైబ్రరీ హాల్లో జరిగే సమావేశంలో ఆ అభ్యంతరం వెనక్కి తీసుకోకపోతే ప్రయోగానికి అనుమతి లేదని ఆఫీసువాళ్లు చెప్పారు.

ఇంజనీరమ్మాయి మా ఇంటికి వచ్చింది. కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది. పత్రిక బల్ల మీద పెట్టి, “నాలుగేళ్లకి ఎలక్ట్రాన్లు నా కంట్రోల్‌లోకి వచ్చాయంకుల్, మీ హెడ్డింగే రాలేదు” అంది.

వచ్చే నెల సవరణ వేస్తానన్నాను. మా రోజుల్లో సవరణలు లోపలి పేజీలో, టెండరు ప్రకటనల కింద, భూతద్దం ఉన్నవాళ్లకు దొరికేవి.

“శనివారం మీటింగ్. మీరే నిలబడి చదవండి.”

ఆ సాయంత్రం కూర్చుని ఒకటిన్నర పేజీ సవరణ రాశాను. అందులో అణుధార్మికత అనే మాట పుట్టుపూర్వోత్తరాలే సగం పేజీ. పక్కింటికి తీసుకెళ్లి చూపిస్తే, ఆమె పెన్ను అడిగి తీసుకుని నాలుగు వాక్యాలు మిగిల్చింది. మంచి చెయ్యి. మా డెస్కులో ఉంటే నా ఉద్యోగం ఆమెకే ఇచ్చేవారు.

శనివారం ఆ నాలుగు వాక్యాలూ చదివాను. తప్పు నాదని మొదటి వాక్యంలోనే ఉంది, దాన్ని ఆమె కొట్టేయలేదు.

డాక్టరు గారి భార్య లేచారు. “అయితే మా గోంగూరకి ఏమీ అయ్యేది కాదా అన్నయ్యగారూ?”

“కాదమ్మా. మీరు మొక్కలకు పోసేది కుళాయి నీళ్లు. ఫ్యాక్టరీ నీళ్లు అటు రానే రావు.”

“ఆ ముక్క అప్పుడే రాయచ్చుగా?”

పక్కనే కూర్చున్న డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు. “నలభయ్యేళ్లు పేషెంట్లకి ఎక్స్‌రేలు తీయించాను, ఒక్కరైనా బల్బులా వెలిగారా అని ఈవిణ్ణి అడిగాను. పేపర్లో వచ్చింది కదండీ అంది.”

అచ్చయిన మాటను అంత గట్టిగా నమ్మే పాఠకురాలి కోసం ఉద్యోగమంతా ఎదురుచూశాను. దొరికారు.

శుద్ధి సరిగా జరగకపోతే ఏమిటని ఎవరో అడిగారు. నీటిని ముందు ట్యాంకులో ఆపుతామనీ, పరీక్షించి బాగుంటేనే వదులుతామనీ, లేకపోతే మునుపటిలా ట్యాంకరుకే ఎక్కిస్తామనీ ఇంజనీరమ్మాయి చెప్పింది. డాక్టరు గారి భార్య అభ్యంతర పత్రం తెప్పించుకుని, తన సంతకాన్ని అడ్డంగా రెండుసార్లు కొట్టేశారు. తర్వాత ఆ పెన్ను వరసలో చేతులు మారింది. చివరికి సంతకం ఒక్కటీ మిగల్లేదు.

ప్రయోగం మొదలైన వారం నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను. షిప్పింగ్ కంటెయినరంత ఉక్కు పెట్టె, ఫ్రిజ్ మోత లాంటి మోత. రాసుకోవడానికేమీ కనబడలేదు. గేటు దగ్గర పెట్టే బోర్డుకు తెలుగు వాక్యం కావాలని ఇంజనీరమ్మాయి అడిగింది. “ఇక్కడ రేడియేషన్‌తో నీటిని శుభ్రం చేస్తున్నారు” అని రాసిచ్చాను. రెండుసార్లు చదువుకుని, పెన్ను తీయకుండానే ఆ కాగితం జేబులో పెట్టుకుంది.

గోంగూర మళ్లీ వేయడానికి ఆ వేసవిలో అదను దాటిపోయింది. ఖాళీ మడి మా కిటికీలోంచి కనిపిస్తూనే ఉండేది. ఇప్పుడు పత్రిక పంపేముందు హెడ్డింగులన్నీ ఎదురింటికి తీసుకెళ్లి చూపిస్తున్నాను. ఆవిడ ఎర్ర పెన్ను కొనుక్కున్నారు.