సామరస్య దేవత ముక్కు

రోము టంకశాలలో వెండి నాణేలకు అచ్చులు చెక్కే దొసెన్నస్ ఎవరితో మాట్లాడినా వాళ్ల ముక్కునే చూస్తాడు. ఒక కన్ను మూసి, బొటనవేలు గాలిలో ఆడిస్తూ కొలుస్తాడు. చక్రవర్తి ముఖం పైవాళ్లు చెప్పినట్టే చెక్కాలి. వెనకవైపు దేవత ముఖాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అందుకే ఈసారి సామరస్య దేవతకు, వీధంతటితో తగాదాపడే తన అత్తగారు విబీడియా ముఖం పెట్టాడు.

నెల తిరక్కముందే ఆవిడ చేపల అంగడి నుంచి కొత్త నాణెంతో ఊడిపడింది. "ఏమయ్యా అల్లుడూ, ఇది నేనేగా?"

దొసెన్నస్ చేతిలో రొట్టె జారిపోయింది. పైవాళ్లకు తెలిస్తే కొలువు ఊడినట్టే. "అవునత్తా," అన్నాడు మెల్లగా.

"ముక్కు మరీ ఇంత పొడుగా?"

"ఉన్నదాంట్లో సగమే చెక్కానత్తా."

ఆవిడ ఉరిమి చూసి, నాణెం గుప్పిట్లో బిగించి మళ్లీ అంగడికే నడిచింది. "ధర తగ్గిస్తావా లేదా? దేవతతోనే పేచీయా?" అన్న గొంతు మూడు వీధుల అవతలికి వినిపించింది.