మరిగించిన నీలం

ఏడేళ్లుగా మోస్తున్నాను దీన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను, మీరు నన్నెరగరు కాబట్టి.

ఎడపల్లి పక్కన ఒక షెడ్డులో స్పిరులినా అనే నాచు పెంచేవారు. దాన్ని చల్లటి నీళ్లలో నానబెడితే నీలం దిగుతుంది. మిఠాయిల్లో, ఐస్‌క్రీముల్లో వేసే రంగు. వేడి తగిలితే ఆ నీలం నిలవదని, నేను అక్కడ పనికి చేరిన మొదటిరోజే యజమాని చెప్పాడు. తలూపాను. కానీ నేను బెల్లం వండిన మనిషిని. చెరుకు రసం పాకానికొచ్చిందో లేదో బుడగ చూసి చెప్పేవాడిని. ఆ గొప్ప ఎక్కడికి పోతుంది?

ఆ రోజు యజమాని నిజామాబాద్ వెళ్లాడు. సాయంత్రానికి సరుకు పోవాలి. నీలాన్ని చిక్కబరిచే మిషను నత్తనడక నడుస్తోంది. సన్న సెగ మీద కాసేపు పెడితే ఏమవుతుందిలే అనుకుని, పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి, బెల్లం కలిపినట్టే గరిటె తిప్పాను. చూస్తుండగానే రంగు చచ్చిపోయింది. నాలుగు రోజుల పని బూడిదరంగు నీళ్లయింది.

వాటిని మళ్లీ డ్రమ్ములో పోసి గిన్నె తోమేశాను. యజమాని అడిగితే, గంగామణి వడగట్టే గుడ్డ ఉతకలేదు, అందుకే చెడిపోయిందన్నాను. అంత తొందరగా అబద్ధం నోటికెలా వచ్చింది? ఇప్పటికీ తెలియదు.

గంగామణి బీడీలు చుట్టి చుట్టి, తంబాకు దుమ్ముకు దగ్గు పట్టి, అది మానేసి ఇక్కడ పనికొచ్చింది. యజమాని ఆమెను రేపట్నుంచి రావద్దన్నాడు.

"అన్నా, పొద్దుగాల నేను గుడ్డ ఉతుకంగ నువ్వు సూసినవ్ గదా. జర సార్‌కు చెప్పరాదే."

"నాకెరుక లేదు. నేను సూడలే."

"గట్లనా అన్నా" అంది. తిట్టలేదు. టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

సిగ్గు రావాలి కదా? ఏడుపైనా రావాలి. అన్నం తిన్నాను, పడుకున్నాను, పొద్దున్నే పనికి పోయాను. ఛీ, ఏం మనిషినో. చేసిన పనికన్నా, ఏమీ అనిపించకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

మొన్న బోధన్ బస్టాండులో కనిపించింది. మళ్లీ బీడీలే చుడుతోందట. మాట మాటకీ దగ్గు. బాగున్నావా అన్నా అని తనే పలకరించింది. చెప్పేద్దామని నోరు తెరిచి, బాగున్నానని చెప్పాను. బస్సెక్కి పోయింది.

ఆ రంగు చెడగొట్టింది నేను. గంగామణి కాదు. ఈ రెండు ముక్కలు ఆమె ముందు అనాల్సినవి, మీ ముందు అంటున్నాను. క్షమించమని అడగను. ఇన్నేళ్లకు నోరు తెరిచి అన్నాను, అంతే.