అడగకుండా తగ్గించిన బేస్

2023 సంగతి. హఫీజ్‌పేట్ స్టేషన్‌కు దగ్గర్లో మాకు కార్ యాక్సెసరీస్ షాపు ఉంది. సీట్ కవర్లు, కెమెరాలు, మ్యూజిక్ సిస్టమ్‌లు బిగిస్తాం. డోర్లు విప్పడం, వైర్లు లాగడం మా ఆయన నరేందర్ పని. యాంప్లిఫైయర్ కనెక్షన్లు నావి. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసి, గచ్చిబౌలిలో రెండేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసి మానేసినదాన్ని. అప్పటికి మా బాబుకు తొమ్మిది నెలలు. కౌంటర్ వెనకే పడుకోబెట్టేదాన్ని. పక్క షాపు షట్టర్ లాగినా వాడు ఉలిక్కిపడేవాడు. వాడికంటే ముందు నేను.

ఆ రోజుల్లో ప్రసాద్ గారు వచ్చారు. ఏలూరు వైపు మనిషి. కోకాపేటలో ఉద్యోగం, నిజాంపేటలో ఇల్లు. డిక్కీలో రెండు సబ్‌వూఫర్లు, అంటే పాటలో బేస్ దరువును పలికించే పెద్ద స్పీకర్లు, పెట్టాలన్నారు.

"వెనక సీటు అదరాలండీ."

"ముందుకు కూడా బాగానే వినిపిస్తుంది సార్."

"ముందు సంగతి వదిలేయండి. వెనకే ముఖ్యం."

వెనక సీట్లో నాలుగేళ్ల పాప నిద్రపోతోంది. పేరు షారోన్ అన్నారు. ఆ పాపను చూశాక నాకు ఆయన మీద కోపం వచ్చింది. బిడ్డ చెవుల పక్కన ఇంత మోత పెట్టుకునే తండ్రి ఉంటాడా అనుకున్నాను. అనుకున్నాను గానీ అడగలేదు.

ఒక్కో వూఫర్ నాలుగు ఓమ్‌లు. ఓమ్ అంటే కరెంటుకు స్పీకర్ చూపించే నిరోధం. రెండింటినీ ప్యారలల్‌లో, అంటే ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే రెండు ఓమ్‌లవుతుంది. ఆయన తెచ్చిన యాంప్లిఫైయర్ సరిగ్గా దానికే తయారైంది, పూర్తి బలం ఇస్తుంది. అలా కాకుండా సిరీస్‌లో, ఒకదాని వెనక ఒకటి కలిపితే ఎనిమిది ఓమ్‌లు. బలం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. నేను సిరీస్‌లో కలిపాను. యాంప్లిఫైయర్‌లో మోత ఎంతుండాలో సరిచేసే గెయిన్ కూడా తగ్గించాను. స్పీకర్ల బాక్స్ మూసేశాక లోపల వైర్లు ఎలా ఉన్నాయో ఎవరూ చూడరు.

వారానికి ఆయన మళ్లీ వచ్చారు. "ఊపు రావట్లేదండీ."

"కొత్త స్పీకర్లు కదా సార్, జర లూజ్ కావాలి. కొన్నాళ్లు వాడండి."

మా లైన్లో అందరూ చెప్పే మాటే ఇది. కొద్దిగా నిజం కూడా. కానీ నాలుగో వంతు బలాన్ని పూర్తి బలం చేసేంత నిజం కాదు. ఆయన వెళ్లాక నరేందర్ అన్నాడు, "నిజంగనే తక్కువొస్తుంది కదనే. ఒకసారి బాక్స్ విప్పి చూడరాదు?"

"చూసిన. అది గంతే."

ఇంకోసారి వచ్చారు. అదే జవాబు చెప్పి పంపాను.

ఐదో నెలలో ఒంటరిగా వచ్చి, "తీసేయండి. ఎవరికైనా పనికొస్తే ఇచ్చేయండి" అన్నారు.

"ఏమైంది సార్, అప్పుడే?" అన్నాడు నరేందర్.

"పాపకు పనికిరాలేదండీ."

అప్పుడు చెప్పారు. షారోన్‌కు పుట్టుకతోనే వినబడదు. ఒక ఆదివారం చర్చి నుంచి, ఇలాంటి స్పీకర్లే ఉన్న బావమరిది కార్లో వస్తుంటే, సీటు మీద అరచెయ్యి పెట్టి దరువుకు సరిగ్గా తట్టిందట. ఇంటికొచ్చినా దిగనని ఏడ్చిందట. డాక్టర్‌ను అడిగి, ఆయన సరేనన్నాకే మా దగ్గరికొచ్చారు.

"మా కార్లో కొన్నాళ్లు చెయ్యి పెట్టి నా మొహం చూసేదండీ. ఇప్పుడు పెట్టడం కూడా మానేసింది. ఆ రోజు ఏదో ఆడుకుందిలే, మనమే ఊహించుకున్నాం అంటుంది మా ఆవిడ."

నరేందర్ స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. ఆగమన్నాను. బాక్స్ నేనే విప్పి, ప్యారలల్‌లో కలిపి, మల్టీమీటర్‌తో చూసి, గెయిన్ సరిచేశాను. పావుగంట కూడా పట్టలేదు. ఆయన్ను వెనక కూర్చోమన్నాను. పాప సీటు పక్కనే కూర్చుని, సీటు మీద చెయ్యి పెట్టారు. పాట మొదలవగానే వెనక నంబర్ ప్లేటు గడగడలాడింది. సగం పాటకు దిగారు.

"ఇన్నాళ్లూ ఏమైందండీ దీనికి?"

వైరు లూజయిందని చెప్పొచ్చు. నరేందర్ కూడా నా వైపే చూస్తున్నాడు.

"ఏం కాలేదు సార్. నేనే తక్కువ వచ్చేలా కలిపాను. పాప చెవులు పాడవుతాయని."

ఆయన అరవలేదు. వెళ్లి డిక్కీ తనే మూశారు. తర్వాత, "నన్ను అడిగితే చెప్పేవాణ్ణి కదండీ" అన్నారు.

ఇప్పుడు ఎవరొచ్చినా, కార్లో ఎవరు కూర్చుంటారు, ఎవరి కోసం అని ముందే అడుగుతున్నాను. నాకు భయంగా ఉన్న పని అయితే చేయనని మొహం మీదే చెబుతున్నాను. కొందరు విసుక్కుని వేరే షాపుకు పోతారు. పోనీ. ఒప్పుకుని లోపల ఇంకోలా చేయడం మాత్రం మానేశాను.

ప్రసాద్ గారు మళ్లీ రాలేదు. "మంచిగ నడవకపోతే వస్తుండె కదా, ఎందుకంత పరేషాన్ అయితవ్" అంటాడు నరేందర్. సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది, దాని గురించి నాకు అనుమానం లేదు. కొన్నాళ్లు చెయ్యి పెట్టి చూసి, ఏమీ లేదని తీసేసుకున్న పిల్ల, మళ్లీ ఆ సీటు మీద చెయ్యి పెట్టిందో లేదో తెలియదు. ఆయన నంబరు నా ఫోన్లో ఉంది. అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.